జల్లెడమ్మ చేసిన చీకటి పెట్టె

మా మరదలి గురించి రాసి ఇమ్మని మ్యూజియం వాళ్ళు అడిగారు. వార్షిక సంచికలో పనివాళ్ళ జీవితాలు వేస్తున్నారట. రాస్తాను గానీ నా గురించి కూడా నాలుగు ముక్కలు ఉంటాయి, కత్తిరించకూడదు అన్నాను. సరే అన్నారు. ఆమెకు ఉలి పట్టడం నేర్పింది నేను. గురువును పక్కనబెట్టి శిష్యురాలి గురించి చెబితే కథకు తలా తోకా ఉండదు.

నేను చదువుకున్నది ఊళ్ళో బడిలో. ఒకే గది, ఒకే పంతులు, అన్ని తరగతులకూ కలిపి ఒకే నల్లబల్ల. ఆ చదువుతోనే ఈ సైన్సు మ్యూజియంలో తిమింగలం అస్థిపంజరాన్ని పైకప్పుకు వేలాడదీశాను. ఇప్పటికీ దాని పక్కటెముక ఒక్కటి కూడా జారలేదు. చంద్రుడి కళలు చూపించే పెద్ద గడియారం నా చేతి పనే. పిల్లలు నడుచుకుంటూ లోపలికి వెళ్ళే చెవి ఉంది కదా, అందులో నత్తగుల్లలాంటి మెలికను ఒకే దుంగలోంచి తీసింది నేనే. వేరే ఊళ్ళ మ్యూజియం వాళ్ళు వచ్చి దాని కొలతలు తీసుకువెళ్ళారు. వాళ్ళు చేసుకున్న చెవిని తర్వాత చూశాను. మర్యాద కొద్దీ ఏమీ అనలేదు. నాకిచ్చిన పతకం మా ఇంటి హాల్లో, తలుపు తీయగానే కనబడే చోట ఉంది.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను.

మా ఆవిడకు ఈమె అందరికన్నా చిన్న చెల్లెలు. అక్కల గౌన్లన్నీ వరసగా తొడుక్కుని పెరిగిన పిల్ల. మా పెళ్ళినాటికి తన జడ తాను వేసుకోవడం కూడా రాదు. అయినా నేను కూర్చున్న కుర్చీ కాలు కిర్రుమంటోందని నిండు సభలో చెప్పింది. నేను వడ్రంగిని, పైగా కొత్త అల్లుడిని. ఆ కుర్చీ, పెళ్ళికి ముందు మామగారికి కానుకగా నేనే చేసి పంపిన కుర్చీ. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లతో జాగ్రత్తగా ఉండాలని. ఉండలేకపోయాను.

బడి అయ్యాక ఆమె విత్తనాల ఫ్యాక్టరీలో చేరింది. విత్తనాలను జల్లించి తాలూ, రాళ్ళూ, గట్టి గింజలూ వేరుచేసే పెద్ద పెద్ద ఊగే జల్లెళ్ళు అక్కడ ఉండేవి. పొద్దున స్విచ్చి వేస్తే సాయంత్రం దాకా ఆ హోరు ఆగదు. తక్కిన వాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటే ఈమె దూది తీసి కూర్చునేది. చప్పుడు కాస్త మారితే చాలు, మర ఆపి, కిందికి దూరి, అలిసిపోయిన స్ప్రింగును చేత్తో పట్టుకుని బయటికి వచ్చేది. అక్కడి వాళ్ళే ఆమెకు జల్లెడమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఆ పేరు వింటే ఒంటికాలి మీద లేచేది. తర్వాత తనే అలా చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు మ్యూజియం గేటు దగ్గర అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదు.

ఆమె భర్త, అంటే నా తోడల్లుడు, బస్సు డ్రైవరు. మంచివాడు. ఇంట్లో మాట్లాడే పనంతా భార్యకు అప్పగించి నిశ్చింతగా ఉన్నాడు.

ఫ్యాక్టరీ వేరే చోటికి తరలిపోయినప్పుడు ఆమెను మ్యూజియం వర్క్‌షాపులోకి తెచ్చింది నేను. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు కాబట్టి నేను చెబుతున్నాను. వచ్చిన కొత్తలోనే నా పనికి వంక పెట్టింది. పిల్లలు చెక్క దిమ్మలతో మేడ కట్టి, బల్లను ఊపి, భూకంపం వస్తే ఏమవుతుందో చూడాలి. నేను చేసిన బల్ల ఎంత గట్టిగా ఉందంటే దాని మీద ఏ మేడా పడేది కాదు. పిల్లలు నిరాశగా వెళ్ళిపోయేవారు. ఆమె కిందికి దూరి బోల్టులు కొన్ని వదులు చేసింది. ఆ రోజు నుంచి ఆ బల్ల దగ్గర జనం తగ్గలేదు. గట్టి పని చేయడం నాకు వచ్చు, వదులు పని ఆమెకు వచ్చు. ఆ రెండూ కలిసినందుకే మా వర్క్‌షాపుకు పేరొచ్చింది.

నేను రిటైరయ్యాక వర్క్‌షాపుకు ఆమె పెద్ద అయింది. నేను రోజూ వెళ్ళి పర్యవేక్షించేవాణ్ణి. ఆమె దాన్ని పర్యవేక్షణ అనేది కాదు. "అక్క ఇంట్లోంచి తరిమేసిందా బావా?" అనేది.

అలా ఉండగా మ్యూజియానికి కొత్త పెద్దమేడం వచ్చింది. తెలివైన మనిషి, మాట తక్కువ, నడక ఎక్కువ. వచ్చిన కొద్ది రోజుల్లోనే గదులన్నీ తిరిగి చూసింది. మా వర్క్‌షాపులో రంపపు పొట్టు చూసి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. ఇంత పెద్ద గది పనిముట్లకు ఎందుకు, ఇక్కడ వరసగా స్క్రీన్లు పెడితే ఎన్నో విషయాలు చూపించవచ్చు కదా అని ఆమె ఆలోచన. తప్పు కూడా కాదు. స్క్రీనుకు స్ప్రింగులు ఉండవు, అలిసిపోవు. చివరికి ఒక మాట చెప్పింది. ఈసారి ఇచ్చే విషయాన్ని చేతులతో చేసి చూపించండి. సందర్శకులు రోజంతా వాడినా అది ఆగకూడదు, తప్పు జవాబు చూపించకూడదు. అలా చేయగలిగితే వర్క్‌షాపు ఉంటుంది. లేకపోతే గది స్క్రీన్లకు పోతుంది, పనివాళ్ళు తక్కిన విభాగాలకు పోతారు. జల్లెడమ్మకు టికెట్ల కిటికీ అనుకున్నారు.

ఆ మాట విని వచ్చి ఆమె తన బల్ల దగ్గర చాలాసేపు ఊరికే కూర్చుంది. ఆమె ఊరికే కూర్చోగా చూడటం నాకు అదే మొదలు.

"కిటికీ వెనక కూర్చుంటే నా చేతులను ఏం చేసుకోవాలి బావా?" అంది.

నేను టీ తెప్పించాను.

ఇచ్చిన విషయం ఏమిటో తెలిశాక నాకు టీ కూడా దిగలేదు. విశ్వం పుట్టిన కొత్తలో, కంటికి కనబడని పదార్థం దాని చోటికి ఎలా చేరింది అన్నది విషయం. వివరించడానికి యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆ కనబడని పదార్థం మీదే డాక్టరేటు చేసిందట. ఆమె వెళ్ళీ వెళ్ళగానే వర్క్‌షాపులో ఆమెకు చీకటి డాక్టరు అని పేరు పడింది. అది ఆమె చెవిన పడ్డాక కోపగించుకోలేదు సరికదా, మా అమ్మకు కూడా చెబుతాను అంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మనమూ, ఈ భూమీ, ఆ నక్షత్రాలూ అన్నీ కలిపినా విశ్వంలోని పదార్థంలో చిన్న వాటాయే. మిగిలినది వెలుగును పట్టించుకోదు, అందుకే కనబడదు. దాని బరువు మాత్రం తెలుస్తుంది. ఆ బరువు పట్టి ఉంచకపోతే గెలాక్సీలు తాము తిరిగే వేగానికి ఎప్పుడో చెదిరిపోయేవట. ఆ కనబడనిది మనతో దాదాపు రాకపోకలు లేని వేరే కుటుంబం కావచ్చునని కొందరి ఊహ. వాళ్ళలో వాళ్ళకు కలహాలూ, పొత్తులూ ఉండవచ్చు, మనకు మాత్రం గోడ అవతల గది. విశ్వం కుతకుతలాడుతున్న ఆ మొదటి ఘడియల్లో ఆ పక్క గదిలోకి ఆ కుటుంబం ఎలా చేరిందన్నదే ఈ అమ్మాయి చదువు.

జల్లెడమ్మ అంతా విని ఒక స్ప్రింగును వేలి మీద ఊపుతూ అడిగింది.

"పక్క వాటాలో ఎవరున్నారో చూడలేదు. నీళ్ళ ట్యాంకు తొందరగా ఖాళీ అవుతోంది కాబట్టి ఎవరో ఉన్నారని తెలుసు. అంతేనా అమ్మా?"

"అంతే పిన్నిగారూ. ఎప్పుడు దిగారో, ఏ గుమ్మంలోంచి వచ్చారో, అదే తెలియదు."

ఎలా చేరి ఉండవచ్చు అన్నదానికి చాలా దారులు ఉన్నాయట. మా పెట్టె కోసం ఒక దారి తీసుకున్నాం. మధ్య గోడలో అతి సన్నని సందు ఉందనుకోండి. ఇవతల గది సలసల మరుగుతోంది, అందులో అణువుల కన్నా చిన్నవి ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. ఎప్పుడో ఒకసారి ఒక గుద్దులో పుట్టినది సందులోంచి అవతలికి జారుతుంది. అటు పోయినవి మరీ కొద్ది కాబట్టి తిరిగి వచ్చేవి లేనట్టే. ఈలోగా విశ్వం వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది, గుద్దుల్లో జోరు తగ్గుతుంది, జారడం ఆగిపోతుంది. అప్పటికి అటు చేరినదేదో అదే మిగులుతుంది. సందు ఎంత సన్నమైతే మిగిలేది అంత తక్కువ.

ఈ మాట వినగానే జల్లెడమ్మ కళ్ళు మెరిశాయి. ఊగడం, ఎగరడం, సందులోంచి పడటం, జోరు తగ్గడం. ఆమె బతుకంతా అదే.

ఆమె చేసిన పెట్టె గురించి కాస్త చెప్పాలి. రెండు గదుల పెట్టె అది. ఎడమ గది గాజుతో చేసింది, అడుగున ఊగే పళ్ళెం, దాని నిండా చిన్న చిన్న గాజు పూసలు. స్విచ్చి వేయగానే పూసలు కుతకుత ఎగురుతాయి. మధ్యలో అడ్డుపలక. పలకలో బాగా ఎత్తున ఒక సన్నని సందు, దాన్ని స్క్రూ తిప్పి వెడల్పూ సన్నమూ చేయవచ్చు. కుడి గదికి నాలుగు పక్కలా నల్లరంగు, లోపల ఏముందో కనబడదు. దాని కింద తరాజు, ముందు ముల్లు. ఎందుకంటే దాన్ని బరువుతోనే తెలుసుకోవాలి. సందర్శకులు హ్యాండిల్ తిప్పితే ఎడమ గది వెనకగోడ మెల్లగా వెనక్కి పోతుంది, పూసలకు చోటు పెరుగుతుంది, ఊపు తగ్గుతుంది. ఊపు తగ్గాక పూసలు సందు ఎత్తుకు ఎగరలేవు. చేరడం ఆగిపోతుంది. అప్పుడు తరాజును కదలకుండా పట్టి ఉంచే కొక్కెం తీస్తే ముల్లు లేచి చీకటి గది బరువు చెబుతుంది. ఊపు ఉన్నంతసేపూ కొక్కెం వేసే ఉండాలి, లేకపోతే ఆ అదురుకు ముల్లు విరిగిపోతుంది.

ఆ అడ్డుపలక నేను చేశాను. అడగకుండానే చేశాను. అంచుల్లో వెంట్రుక దూరదు.

పెట్టె ఆడింది. చూడముచ్చటగా ఆడింది. తప్పు జవాబు చెప్పింది.

చీకటి డాక్టరు చెప్పిన ప్రకారం సందు సగానికి తగ్గిస్తే చేరే బరువు కూడా సగానికి తగ్గాలి. మాకు కాస్తే తగ్గింది. ఇంకా సన్నం చేస్తే ఇంకా తగ్గాలి. తగ్గనని మొండికేసింది. చివరికి జల్లెడమ్మ సందును పూర్తిగా మూసేసి ఆడించింది. అయినా కొక్కెం తీయగానే ముల్లు లేచి నిలబడింది. తలుపు లేని గదిలోకి పూసలు వచ్చి కూర్చున్నాయి.

అందరూ నా పలక వంక చూశారు.

నేను చాలా చూశాను గానీ అలాంటి చూపులు చూడలేదు. పలకలో సందు ఉండదు అన్నాను. ఉండకపోతే ఎక్కడినుంచి వస్తాయి అని మా వర్క్‌షాపులో రంగులు వేసేవాడు అడిగాడు. తిమింగలాన్ని వేలాడదీసిన చేతులురా ఇవి అన్నాను. తిమింగలం పూస కాదు కదా అన్నాడు. జల్లెడమ్మ మమ్మల్ని ఇద్దరినీ వారించి, పలక అంచుల్లో ఉన్ని గుడ్డ దూర్చింది. ముల్లు లేచింది. మైనం పూసింది. ముల్లు లేచింది. పైమూత బిగించింది, తరాజు స్ప్రింగు మార్చింది, ముల్లును విడిగా తీసి పరీక్షించింది. తరాజు తప్పు లేదు. ప్రతిసారీ పెట్టెను ఖాళీ చేసి, తుడిచి, మళ్ళీ సిద్ధం చేసి ఆడించేది. ప్రతిసారీ అదే బరువు.

పెద్దమేడం వచ్చి చూసే రోజు దగ్గరపడుతోంది. ఒక మధ్యాహ్నం మేడం గారే తలుపు దగ్గర నిలబడి ఎలా ఉంది అని అడిగింది. జల్లెడమ్మ నీళ్ళు నమిలింది. ఆమె నీళ్ళు నమలగా చూడటం కూడా నాకు అదే మొదలు. ఆ రోజు మేడం వెళ్ళాక టికెట్ల కిటికీ వైపు ఒకసారి తొంగి చూసి వచ్చింది. కుర్చీకి చక్రాలున్నాయి బావా, అదొక్కటే బాగుంది అంది.

మర్నాడు చీకటి డాక్టరును పిలిపించాం. ఆమె వచ్చి, బ్యాగు కింద పెట్టి, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. పలకను ముట్టుకోలేదు. అందుకు నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది.

"పిన్నిగారూ, మొదలుపెట్టక ముందు ముల్లు ఎంత చూపిస్తోంది?"

"మొదలుపెట్టక ముందు చూసేదేముందమ్మా, ఖాళీ పెట్టె" అన్నాను నేను.

"ఎప్పుడైనా చూశారా తాతగారూ?"

చూడలేదు. ఎవరూ చూడలేదు. కొక్కెం తీసేది ఆట చివర కదా. జల్లెడమ్మ అప్పుడే పెట్టెను ఖాళీ చేసి, తుడిచి, సిద్ధం చేసి పెట్టింది. స్విచ్చి వేయలేదు, సందు మూసే ఉంది. చీకటి డాక్టరు వంగి కొక్కెం తీసింది. ముల్లు తాపీగా లేచి, రోజూ నిలబడే చోటే నిలబడింది.

జల్లెడమ్మ తన కుడిచేతిని ఎవరిదో పరాయి చేతిని చూసినట్టు చూసుకుంది.

"నేనే వేశాను" అంది. "ముద్ద పెట్టాను."

విషయం ఏమిటంటే, విత్తనాల ఫ్యాక్టరీలో ఒక అలవాటు ఉండేది. ఊగే మర ఏదైనా సరే, స్విచ్చి వేసే ముందు దాని ప్రతి పళ్ళెంలోనూ పిడికెడు గింజలు వెయ్యాలి. ఖాళీ పళ్ళెం ఊగితే రేకు గణగణ మోగుతుంది, స్ప్రింగు చెడిపోతుంది. పళ్ళేనికి ముద్ద పెట్టడం అనేవారు దాన్ని. ఇన్నేళ్ళయినా ఆ చెయ్యి ఆ పని మానలేదు. పెట్టె సిద్ధం చేసిన ప్రతిసారీ ఎడమ గదిలో పూసలు పోసి, ఒక పిడికెడు తీసి కుడి గదిలో వేసి, మూత పెట్టేది. మాట్లాడుతూనే వేసేది. నా కళ్ళ ముందే వేసేది. నేను పలకను కాపాడుకునే హడావుడిలో ఉండి చూడలేదు.

రంగులు వేసేవాడు పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు, పలక నిర్దోషి అని తేలినందుకు లోపల చాలా సంతోషించాను. జల్లెడమ్మ ముఖం మాత్రం వాడిపోయింది. చీకటి డాక్టరు స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

"మా వాళ్ళలో చాలామంది పక్క గది మొదట్లో ఖాళీగా ఉందనుకునే లెక్క మొదలుపెడతారు పిన్నిగారూ. ఉందో లేదో ఎవరూ కొక్కెం తీసి చూడలేదు. మీరు పిడికెడు వేసి మొదలుపెట్టారు. అది కూడా ఒక సిద్ధాంతమే."

వేళాకోళం అనుకున్నాను. కాదు. విశ్వాన్ని మొట్టమొదట వేడెక్కించినదేదో ఉంటుంది కదా, అది విరిగి పంచిపెట్టేటప్పుడు మన గదికి కొంత, పక్క గదికి కొంత వాటా ఇచ్చి ఉండవచ్చునట. అప్పుడు సందు అవసరమే లేదు. మొదటి నుంచీ పక్క గదికి దాని ముద్ద దానికి ఉంటుంది, దాని వేడి దానికి ఉంటుంది. సందులోంచి జారి చేరాయా, మొదటే వడ్డించారా, రెండూ కొంత కొంతా అన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న అని చెప్పింది.

జల్లెడమ్మ వాడిన ముఖం విప్పారింది. అయితే ముద్ద మానక్కర్లేదు అంది. అని లేచింది. ఇక ఆమెను పట్టుకోవడం మా తరం కాలేదు. చీకటి గది పైన ఒక గరాటు పెట్టింది, గరాటుకు మూత, మూతకు పక్కన మీట. మీట నొక్కితే పిడికెడు పూసలు గది అంతటా సమంగా రాలతాయి. లోపల రేకు మోగకుండా అడుగున ఉన్ని గుడ్డ అతికించింది. ఇప్పుడు ఇద్దరు ఆడవచ్చు. ఒకరు అవతలి వాళ్ళు చూడకుండా సందు పెట్టాలి, ముద్ద వేయాలో వద్దో నిర్ణయించాలి. ఆట అయ్యాక రెండోవారు ముల్లు చూసి లోపలివి ఎలా చేరాయో చెప్పాలి.

మేం ఆడి చూశాం. ఎవరం సరిగ్గా చెప్పలేకపోయాం. సందు వెడల్పు చేసి ముద్ద వేయకపోయినా అదే బరువు తెప్పించవచ్చు, సందు మూసి ముద్ద వేసినా అదే బరువు. పక్కనే ఉన్న చీకటి డాక్టరు నవ్వి, మా కష్టం కూడా అదే, బరువు ఒక్కటే తెలిస్తే చాలదు, అది ఎలా పరుచుకుందో చూడాలి, అందుకే గెలాక్సీలు ఎక్కడ గుంపు కట్టాయి, ఎక్కడ పలచబడ్డాయి అని వెతుకుతాం అంది.

ఆ మాట జల్లెడమ్మ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. మర్నాడు నేను వెళ్ళేసరికి చీకటి గది పక్కన గుండ్రటి కంత కోసి ఉంది. ఆ కంతకు ఒక గుడ్డ చెయ్యి కుట్టి ఉంది, లోపలికి చెయ్యి పెడితే వెలుతురు పోకుండా. ఆ గుడ్డ నాకు ఎక్కడో చూసినట్టు అనిపించింది. నా పని కోటుది. కొక్కేనికి తగిలించిన కోటుకు ఎడమ చెయ్యి లేదు.

"అడిగితే ఇవ్వరు కదా బావా" అంది.

నిజమే, ఇచ్చేవాణ్ణి కాదు.

పెద్దమేడం వచ్చే రోజున పొద్దున్నే తలుపులు తెరిచి సందర్శకులను వదిలారు. ఒక బడి పిల్లలంతా వచ్చారు. హ్యాండిల్ తిప్పడానికి తోసుకున్నారు, ముద్ద వేసి వేయలేదని అబద్ధాలు చెప్పుకున్నారు, వాదించుకున్నారు. పెట్టె ఆగలేదు. జల్లెడమ్మ దానికి కాస్త దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని, చెవి మాత్రం అటే పెట్టి నిలబడింది. నేను పలక దగ్గర నిలబడ్డాను.

పిల్లలు భోజనాలకు వెళ్ళాక మేడం వచ్చింది. జల్లెడమ్మ తెర చాటున సందు పెట్టింది. మేడం హ్యాండిల్ తిప్పింది, పూసలు చల్లబడే దాకా ఓపిగ్గా నిలబడింది, కొక్కెం తీసింది, ముల్లు చూసింది. మొదటే వడ్డించారు అంది. కాదు. అవి సందులోంచి జారినవి, ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు. ఆమె ముఖంలో చిరాకు కనబడింది.

"అదే స్క్రీన్ అయితే జవాబు చూపించేది కదా" అంది.

"చూపించేది మేడం" అంది జల్లెడమ్మ. "ఇందులో మీరే వెతుక్కోవాలి. చెయ్యి లోపల పెట్టండి."

మేడం ఒక క్షణం ఆలోచించి, వాచీ తీసి చీకటి డాక్టరు చేతిలో పెట్టి, మోచేతి దాకా గుడ్డలో దూర్చింది. భుజం మెల్లగా కదులుతోంది. కళ్ళు పైకప్పు వైపు పోయాయి, చేత్తో వెతికే మనిషి కళ్ళు ఎక్కడికో పోతాయి కదా, అలాగ.

"కుప్ప ఉంది" అంది చివరికి. "గోడ పక్కనే. ఇటువైపు అంతా ఉత్త గుడ్డ. ఇవి ఆ గోడలోంచే పడ్డాయి, మొదటే వడ్డిస్తే అంతటా ఉండేవి."

జల్లెడమ్మ అవునన్నట్టు తల ఊపింది.

మళ్ళీ ఆడించమంది. ఆడించాం. ఈసారి ముల్లు వంక చూడనే లేదు, తిన్నగా చెయ్యి పెట్టింది. చాలాసేపు తడిమింది. అంతటా పలచగా ఉన్నాయి, గోడ దగ్గర మాత్రం ఎత్తుగా ఉన్నాయి, రెండు దారులా వచ్చాయా అని అడిగింది. రెండూ ఉండవచ్చునని ఆమెకు మేం ముందు చెప్పలేదు. చీకటి డాక్టరు జల్లెడమ్మను మోచేత్తో పొడిచింది.

మేడం చెయ్యి బయటికి తీసుకుని, గుడ్డ నూలుపోగులు దులుపుకుని, వాచీ పెట్టుకుంది. పెట్టుకుంటూనే మామూలు గొంతుతో చెప్పింది.

"వర్క్‌షాపు గది ఎవరికీ ఇవ్వడం లేదు. స్క్రీన్లు పై అంతస్తులో పెట్టుకుందాం. పొట్టు మాత్రం రోజూ ఊడ్పించండమ్మా."

ఊడ్పిస్తాను అంది జల్లెడమ్మ. అని, మేడం గుమ్మం దాటేదాకా ఆగి, స్టూలు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. రంగులు వేసేవాడు ఆమె వీపు తట్టాడు. చీకటి డాక్టరు వాళ్ళ అమ్మకు ఫోను చేసింది. పెట్టె ఆడిందమ్మా, ఇంటికి తెచ్చి చూపించలేను, నువ్వే రా అని ఆ అమ్మాయి ఫోనులో అరవడం వినబడింది. నేను పలక మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, కాబట్టి నేనే అందరికీ చెప్పాను, వెంట్రుక దూరదని.

ఇప్పుడు ఆమె దగ్గర ఇద్దరు కొత్తవాళ్ళు పని నేర్చుకుంటున్నారు. నేను నేర్పుతానంటే ఒప్పుకోలేదు. కిటికీ పక్కన మూల చూపించి, అక్కడ కూర్చోండి బావా, అక్కడైతే ఎవరికీ అడ్డం రారు అంది. ఈ నాలుగు పేజీలూ ఆ మూలలో కూర్చునే రాశాను. మధ్యలో రెండుసార్లు లేవాల్సి వచ్చింది, ఎందుకంటే గుడ్డ చెయ్యి పిల్లలు లాగే లాగుడుకు చిరిగిపోతోంది, కొత్తది కుట్టడానికి ఆమె కత్తెర పట్టుకుని నా కోటు రెండో చెయ్యి వైపు చూస్తోంది.